గోడవైపు మనిషి

ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప సాగని జంపఖానాను ఒక్కడే నేసిన మొనగాడు వరంగల్లు మొత్తంలో పండరి ఒక్కడే. పేక పోగును మోసే నాడెను ఇటునుంచి విసిరి, అది అవతలికి చేరేలోపు కూర్చునే పలక మీద జరుగుతూ పోయి తానే పట్టుకునేవాడు. నమ్మనివాళ్లు మట్టెవాడకు వచ్చి ఎవరినైనా అడగవచ్చు.

అటువంటి పండరి ఆ పొద్దున కూడా మగ్గం గుంటలో కాళ్లు దించుకుని, గోడవైపు తన చోట ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కన భార్య శ్యామలమ్మ. గది ఎంత ఇరుకంటే, ఆమె లేచి దారి ఇస్తే తప్ప ఆయన బయటికి రాలేడు. పెళ్లయిన కొత్తలో అదొక సరసం. విడాకుల కేసు పడ్డాక అదొక జైలు. పడుగు మీదున్న జంపఖానాను సగంలో కోస్తే షావుకారు ఊరుకోడు, పొయ్యీ ఊరుకోదు. అందుకే కోర్టులో ఎదురెదురు నిలబడే ఆ ఇద్దరూ ఇంట్లో ఒకే పలక మీద, మోచేతికి మోచేయి తగులుతూ, నాడెను ఒకరికొకరు అందించుకుంటున్నారు.

మాటలు మాత్రం లేవు. పెట్టెలో ఉన్న ఆమె గొలుసును ఆమెకు చెప్పకుండా తమ్ముడి కోసం కుదువబెట్టాడు పండరి. "అడిగితే ఇయ్యకపోదునా?" అని ఆమె ఏడ్చింది. ఆయన దానికీ జవాబు చెప్పలేదు. అసలు నేరం అదే. కోపమొచ్చినా జ్వరమొచ్చినా గోడవైపు తిరిగి పడుకునే మనిషి. "గోడతోటి కాపురం చేసినట్టున్నది" అని ఆమె కోర్టుకెక్కింది.

కానీ నేతలో రంగు మార్చాలంటే పక్కమనిషికి చెప్పక తప్పదు. దానికి దీప ఉంది.

"బిడ్డా, మీ అమ్మకు చెప్పు, ఇగ ఎర్రది ఎక్కియ్యాలె."

వెనక జడ అల్లుకుంటున్న దీప తల ఎత్తకుండానే అందించింది. "అమ్మా, బాపు ఎర్రదంటాండు."

"నాకు చెవులున్నయని చెప్పు. ఆయన కండెల నూలు అయిపోయి ఎంతసేపాయె, జర కండ్లు తెరువుమను."

"బాపూ, అమ్మకు చెవులున్నయట. నీకు కండ్లు లేవట."

పండరి నవ్వును మీసాల కింద దాచుకుని, ఇనుప పళ్ల పంజాతో పేకను రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాడు.

దీప ఆ ఇంటికి వచ్చిన కథ చెప్పాలంటే ముందు నేను కోసిన కోత ఒకటి ఒప్పుకోవాలి. చెల్లెలు మొగిలమ్మ కాన్పుకని శ్యామలమ్మ ములుగు వెళ్లినప్పుడు పండరి ఒక్కడే నేయబోయిన మాట నిజం. నాడె నడిమధ్యలో చతికిలబడింది. దాని వెంట జరిగిన పండరి గుంటలో పడ్డాడు. మడమ బెణికింది. బెత్తెడు నేసినదీ విప్పి పారేయాల్సి వచ్చింది. మొనగాడూ లేడు, పాడూ లేదు.

కుంటుకుంటూనే ఆయన ఎదురెళ్లేసరికి శ్యామలమ్మ ఒట్టి చేతులతో రాలేదు. మొగిలమ్మకు అది నాలుగో ఆడపిల్ల. వీళ్లకు అసలే లేరు. కులపెద్ద ఉప్పలయ్య నలుగురిని పిలిచి, అప్పుడే కోసిన జంపఖానా మీద పండరిని కూర్చోబెట్టి, పసిదాన్ని ఒళ్లో పెట్టించాడు. "ఇయ్యాల్టి సంది నీ బిడ్డెరా" అన్నాడు. హోమం లేదు, కాగితం లేదు. ఆ పిల్ల కొత్త జంపఖానాను అక్కడికక్కడే తడిపింది, షావుకారు దాన్ని తిరగ్గొట్టాడు. ఇప్పటికీ దీప పడుకునేది దాని మీదనే.

ఆ కాగితం లేకపోవడమే పండరి వకీలు వినయ్‌కు పండుగైంది.

"పండరన్నా, మా మరదలి బిడ్డ, సాదినం, గంతే అనుండ్రి. పిల్ల ఖర్చు మీ మీద పడది, ఇల్లు మీకే మిగుల్తది. నా బిడ్డ అన్నరో, ఖర్చూ మీ మీదనే, పిల్ల కోసం ఇల్లూ రాసియ్యాలె."

పండరి తలూపాడు. ఇల్లు పోతే మగ్గం పోయినట్టే. నేలలో తవ్విన గుంటను నెత్తిన పెట్టుకుని పోలేడు కదా. ఆటోలో వెళుతున్నంతసేపూ ఆ మాటనే పెదవుల మీద తిప్పుకున్నాడు. మా మరదలి బిడ్డ. సాదినం, గంతే.

కోర్టు రాజీ గదిలో మధ్యవర్తి సుభాషిణి మేడం కళ్లద్దాలు సర్దుకుని అడిగింది. "ఈ పాప మీకు ఏమవుతుంది?"

పండరి నోరు తెరిచాడు. ఆటోలో తిప్పుకున్న మాట కోసం వినయ్ వైపు చూశాడు. అటు పక్క శ్యామలమ్మ కొంగు నలుపుతూ, అలవాటు చొప్పున దీప భుజం తట్టింది.

"బిడ్డా, నువ్వు ఎవలి బిడ్డవో మీ బాపును అడుగు."

"బాపూ, నేను ఎవలి బిడ్డనో అడుగుమంటాంది అమ్మ."

ఇన్నాళ్లుగా ఆ పిల్ల అడిగితే చప్పున జవాబివ్వడం చేతికి పంజా అలవాటైనట్టు అలవాటైపోయింది పండరికి.

"నా బిడ్డవని చెప్పు."

"అమ్మా, నేను బాపు బిడ్డనట."

వినయ్ నుదురు కొట్టుకున్నాడు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చివరికి రాజీ ఇలా కుదిరింది: ఇల్లు, మగ్గం తల్లీబిడ్డలకు; నెలనెలా పిల్ల ఖర్చు పండరి మీద; ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చు. పండరి అన్నింటికీ తలూపాడు. ఒక్కసారి నోరు విప్పినందుకు ఇల్లు పోయింది. విప్పనందుకు భార్య అంతకుముందే పోయింది.

ఇంటికొచ్చాక మిగిలిన ఎర్ర చార పూర్తయ్యేదాకా ఇద్దరూ నేశారు. వర్ధన్నపేటలో పండరికి పత్తి మిల్లు కావలి పని దొరికిందట. బట్టల సంచి గడప దగ్గర సిద్ధంగా ఉంది.

"బాపూ, ఇగ రంగులు ఎవలు చెప్తరు?" అంది దీప.

"నువ్వే చెప్పు బిడ్డా. నీకన్నీ ఎరుకే."

ఆ పూట దారి అడగాల్సిన పని పడలేదు. శ్యామలమ్మ తనంత తాను లేచి, అవతలి గోడకు ఒత్తుకుని నిలబడింది. పండరి గుంటలోంచి కాళ్లు తీసుకుని, ఆమె ముందునుంచి నడిచి, సంచి అందుకున్నాడు.

"పైలం" అంది ఆమె. దీపతో కాదు, నేరుగా ఆయనతోనే.

ఇంతదాకా చెప్పి దాచడం దేనికి? ఆ "పైలం" అన్న జాగ్రత్త మాట నేను కల్పించింది. ఆమె ఏమీ అనలేదు. ఆయనను ఊరికే పంపడానికి నాకే మనసొప్పలేదు. పంజా మాత్రం నా కల్పన కాదు. గోడవైపు, ఆయన కూర్చునే చోట, పళ్ల మధ్య ఎర్ర పోగొకటి ఇరుక్కుని, పలక మీద అట్లాగే ఉంది.