ముఖం సరిపోలలేదు

నాలుగోసారి కూడా ఫోన్ ప్రమీలమ్మను ఒప్పుకోలేదు. తెర మీద ఎర్రగా "ముఖం సరిపోలలేదు" అని పడింది. తెల్లవారక ముందు నుంచి పుంగనూరు వీధులు ఊడ్చి వచ్చిన మనిషి. హాజరు పడకపోతే ఆ రోజు కూలి లేనట్టే.

"నేనే గదా పాపా! నా మొగం నాది కాదంటే యాడికి పోవల్ల?"

హాజరు చూసే తబస్సుమ్ ఫోన్‌ను తన చేతిలోకి తీసుకుంది. వీధులు ఊడ్చే పనిని గుత్తకు తీసుకున్న కంపెనీలో ఆమె చేరి ఏడాదైంది. మదనపల్లెలో ఉండే మేనేజరు భీమరావు నిన్న హాజరు సాఫ్ట్‌వేర్‌కు ముఖాలు పోల్చి చూసే ఒక యాడ్-ఆన్ పంపి, వెంటనే ఎక్కించమన్నాడు. దొంగ హాజర్లు ఆగిపోతాయన్నాడు. ఆమె నమ్మి ఎక్కించింది. ఈ పేచీ అప్పటి నుంచే.

"కూసో అక్కా, సూస్తాను" అంటూ, యాడ్-ఆన్‌తో పాటు వచ్చిన డేటా బ్రౌజర్‌ను ఫోన్లో తెరిచింది. ఒక్కొక్కరి పాత ఫోటో పక్కన ఇవాళ్టి ఫోటో కనిపించింది. పాతదాంట్లో ప్రమీలమ్మ బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఇవాళ్టిదాంట్లో దవడలు లోపలికి పోయాయి. చెత్త తగలబెట్టిన పొగకు కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమెతో పాటు ఊడ్చే శాంతకుమారిదీ అంతే. పేర్లు కిందికి జరుపుతూ పోతే, ఎర్రగుర్తు పడినవాళ్లంతా ఏళ్ల తరబడి చీపురు పట్టిన ఆడవాళ్లే. వాళ్లలో దొంగలెవరూ లేరు. ఈ పనిలోనే వాళ్ల ముఖాలు అరిగిపోయాయి.

తబస్సుమ్ భీమరావుకు ఫోన్ చేసింది.

"సార్, పాత ఫోటోలు తీసేసి కొత్తవి పెడితే సరిపోతాది. బ్రౌజర్లోనే దారి ఉండాది."

"అది ముట్టుకోవద్దు. మూడు దినాలు ఎర్రగుర్తు పడినోళ్ల పేర్లు దానంతట అదే తీసేస్తాది. కుప్పంలో పెట్టినాం, సగం మంది తగ్గినారు. ఎవుర్నీ పొమ్మని మనం చెప్పే పనే లేదు."

"వాళ్లు దినామూ పనికి వస్తాండారు సార్!"

"అదంతా నీకు యాల? నీ మొగం కూడా అందులోనే ఉండాది, గ్యాపకం పెట్టుకో."

ఫోన్ కట్టయింది. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది, మళ్లీ లేచింది. చూపు మందగించి కుట్టుపని మానేసిన తండ్రి అలావుద్దీన్ గుర్తొచ్చాడు. ఇల్లంతా ఈ జీతం మీదే నడుస్తోంది.

"ఏమంటాండాడు పాపా?"

చెప్పకూడదనుకుంది. కానీ చెప్పేసింది, కుప్పం సంగతితో సహా.

ప్రమీలమ్మ లేచి గుమ్మంలోకి వెళ్లింది. బయట గోడ నీడన కూర్చున్న తోటి పనివాళ్లను కేకేసింది. ఆడవాళ్లంతా లోపలికొచ్చి ఆ ఇరుకు గదిలో నిలబడ్డారు.

"మా మొగాలు ఇప్పుడెట్లుండాయో అట్లే తియ్యమ్మా. ఏమన్నా అయితే నీ పక్కన మేముండాం" అంది ప్రమీలమ్మ.

తబస్సుమ్ ఫోన్ పైకెత్తింది. ప్రమీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఆగింది. మసి అలాగే ఉంచుకుని సూటిగా చూసింది. అంతలో తెర నిండా ఆమె ముఖాన్ని కప్పేస్తూ భీమరావు పేరు వెలిగి మోగసాగింది.

తబస్సుమ్ ఆ పేరును పక్కకు తోసేసి ఫోటో తీసింది.