గోడకేసి తిరిగిన అంతోని

బహుమతి గెలిచినవాడంటూ మైకులో తన పేరు వినపడగానే ఒనోఫ్రె టోపీ తీసి చేత పట్టుకుని, మీసం సవరించుకుని వేదికవైపు నడిచాడు. నిజానికి మైకు అన్నది "మన ఒనోఫ్రె బావమరిది బెలార్మీనో" అని. పక్కనే పచ్చిమిరపకాయలు కాల్చే యంత్రం భగ్గుమని గర్జించి చివరి రెండు మాటలూ మింగేసింది. వేదిక మెట్ల మీద బావా బావమరుదులు భుజాలు రాసుకున్నారు.

"నన్ను పైకెక్కించడానికి నువ్వు రావాలా బావా? నా మోకాళ్లు గట్టివేలే," అన్నాడు బెలార్మీనో.

"నీ మోకాళ్లు విరగ... విరగకుండా చూద్దామనే వచ్చాను."

ఒనోఫ్రె టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకుని దిగిపోయాడు. జనం చప్పట్లు ఆపలేదు. మిరపకాయల మంట యంత్రంలో ఉంది, ఘాటు మాత్రం ఇతని కడుపులో ఉంది.

న్యూ మెక్సికో కొండల్లో సౌసెస్ అనే ఊళ్లో పాతకాలపు మట్టిమేడ ఒకటుంది. ఆపిల్ పళ్లు కోతకొచ్చే రోజుల్లో ఊరివాళ్లు అక్కడ తమ తాతల పనితనమంతా బయట పెట్టుకుని పండగ చేసుకుంటారు. మగ్గాలాడతాయి, మట్టిపొయ్యిల్లో రొట్టెలు పొంగుతాయి, రేకుపని వాళ్లు టకటకలాడిస్తారు. అందరికంటే పెద్దపీట కొయ్యతో పునీతుల ప్రతిమలు చెక్కేవాళ్లది. గెలిచిన ప్రతిమ మేడ పక్కనున్న చిన్న గుడి గూట్లో ఏడాదంతా నిలబడుతుంది. ఒనోఫ్రె తాతవీ తండ్రివీ ఆ గూట్లో నిలబడ్డాయి. ఇతనిది ఇంతవరకూ ఓడినవాటిని పెట్టే కిటికీ గట్టు దాటలేదు.

"ఈసారి గూడు దక్కకపోతే ఉలి అటకెక్కిస్తాను," అని పొద్దున్నే పెళ్లాం క్లెయోఫస్‌తో అన్నాడు.

"అటక మీద చోటెక్కడిది? నువ్వు ఏటేటా ఎక్కించిన ఒట్లే ఉన్నాయి," అందామె, తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేస్తూ.

ఆ తమ్ముడికి ఉలి పట్టడం నేర్పింది ఒనోఫ్రెయే. చెక్కడం నేర్పితే వాడు గురువుగారి పరువే చెక్కేశాడు.

జనం రొట్టెల మీద పడ్డాక ఒనోఫ్రె గుళ్లోకి దూరాడు. గూట్లో బెలార్మీనో చేసిన పునీత అంతోని నీలం రిబ్బనుతో వెలిగిపోతున్నాడు. "ఏం బుగ్గలివి? ఉపవాసాలు చేసినవాడి బుగ్గలా, ఊరంతా విందులు తిన్నవాడివా?" అని గొణిగాడు. అయినా అంగీ మడత వెంట వేలు పెట్టి చూశాడు. ఆ మడత తనకి ఎప్పుడూ లొంగలేదు.

తర్వాత కిటికీ గట్టు మీదున్న తన అంతోనికేసి తిరిగాడు. ఉలి పట్టినవాడు ఉలిక్కిపడ్డాడు. ప్రతిమ మొహం గోడకేసి ఉంది. చేతిలో ఉండాల్సిన బాలయేసు లేడు. నిలబెట్టిన మేకు మాత్రం మిగిలింది.

ఒనోఫ్రె ప్రతిమని చంకన పెట్టుకుని బయటికి ఉరికి, రొట్టె నములుతున్న బావమరిది కాలరు పట్టుకున్నాడు.

"గూడు గుంజుకున్నావు, సరే. నా సామి మొహం కూడా జనానికి కనపడకూడదా? బిడ్డనేం చేశావురా?"

"బిడ్డేమిటి బావా? ఎండ దెబ్బ కొట్టిందా?"

"నేను కొట్టేది ఇంకా కొట్టలేదు!"

"ఆపండర్రా!" ముసలి హెనొవేవా అత్త జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. ఏప్రాన్ జేబులోంచి బాలయేసుని తీసింది. బిడ్డ ఒళ్లంతా రొట్టెపొడి. "తీసింది నేను. మొహం తిప్పిందీ నేనే."

"నువ్వా! నా పనితనం అంత అసహ్యంగా ఉందా అత్తా?"

"అసహ్యమేమిట్రా అయోమయం! నా మేక తప్పిపోయింది. ఈ సామిని మర్యాదగా అడిగాను, పలకలేదు. అందుకని గోడకేసి నిలబెట్టి, బిడ్డని తీసుకున్నా. మేకొస్తేనే బిడ్డొస్తాడు. మా అమ్మ చేసింది, మీ అమ్మా చేసింది. బిడ్డ ఊడొచ్చేలా మేకు పెట్టింది మరెందుకనుకున్నావు?"

పట్నం నుంచి వచ్చినవాళ్లు తెల్లమొహాలు వేశారు. మైకాయన పరుగున వచ్చి ఆమె నోటిదగ్గర మైకు పెట్టాడు. మిరపకాయల యంత్రాన్ని కూడా ఆపించాడు. ఆమె మళ్లీ మొదట్నుంచీ అందరికీ చెప్పింది. అంతోని పోయినవి వెతికిపెట్టే పునీతుడనీ, బద్ధకిస్తే ఈ ఊళ్లో ఇలాగే దారికి తెస్తారనీ, దొంగతనం ఎవరూ చెయ్యలేదనీ చెప్పింది.

"మరి గూట్లో ఉన్నవాణ్ని అడగలేదేం?" ఒనోఫ్రె నెమ్మదిగా అడిగాడు. "రిబ్బను కూడా ఉందిగా."

"చూశాన్రా. చూడ్డానికి ఎంత బావున్నాడో! నువ్వు చెక్కిన వీడి మొహం చూస్తే మాత్రం అడగాలనిపించింది."

బెలార్మీనో నమలడం ఆపేశాడు. "అత్తా, నా సామిని అడిగితే మేక సాయంత్రానికే వచ్చేది."

"ఒక పని ఇద్దరికి అప్పజెప్పకూడదు. ముందు వీడి సంగతి తేలనీ."

రిబ్బను గెలిచినవాడి మొహంలో ఘాటు చూసి ఒనోఫ్రె మీసం మళ్లీ సవరించుకున్నాడు. తన అంతోనిని తీసుకెళ్లి, తన చేత్తోనే గోడకేసి నిలబెట్టి వచ్చాడు.

"మేక ఎటు పోయిందత్తా?" అన్నాడు, చొక్కా చేతులు పైకి మడుస్తూ.