నాంచారమ్మను మోయలేని చెక్క

నేను ఒక మద్దిచెక్కను. వయసడక్కండి, లెక్కపెట్టేవాళ్లు పుట్టకముందే పుట్టాను. ఇనుమెరగని మనుషులు రాతిగొడ్డళ్లతో, చేతులు బొబ్బలెక్కేలా నన్ను చీల్చారు. నాలాంటివాళ్లందరినీ వరసగా బురదమీద పరిచి, నీళ్ల నడుమ లంకనుంచి గట్టుకు దారి వేసుకున్నారు. ఎన్ని పాదాలు మోశానో. పసిపిల్లలవి, బరువెత్తుకున్నవాళ్లవి, పోట్లాడుకుని విసవిసా వెళ్లి సాయంత్రానికి మెల్లగా తిరిగొచ్చేవాళ్లవి. ఒక్కరినీ పడనివ్వలేదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

తర్వాత నీళ్లు పెరిగాయి, బురద కప్పేసింది. గాలి తగలదు, చెద పట్టదు. రూపం చెడలేదు గాని, లోపలి సత్తువంతా నీళ్లు కొంచెం కొంచెంగా తీసుకుపోయాయి. చెక్క ఉండాల్సిన చోట నీళ్లే నిలబడ్డాయి. ఆ సంగతి నాకు తెలుసు. చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

చేపల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్ నన్ను పైకి తీసింది. తవ్విస్తున్న ఏడుకొండలు నన్ను కడిగి, మురిసిపోయి, తెచ్చి ఇంటిముందు బోదెకాలవమీద అడ్డంగా వేశాడు. వాళ్ల మేనత్త నాంచారమ్మ రోజూ చేపలగంపతో మోకాలిలోతు నీళ్లలో దిగి ఆ బోదె దాటేది.

“ఇయ్యాల్టినుంచి నీ చీర తడవదత్తా.”

“ఏ కాలందోరా ఇది. నన్ను మోత్తాదా?”

“ఇన్నాళ్లు బురదలో ఉండి చివకలేదంటే ఎంత గట్టిదో చూడు. నీ బరువు మోత్తాది. నీ నోటి బరువే చెప్పలేను.”

ఆవిడ నవ్వుకుంది. కొత్తగా వేసిన వంతెన కదా అని నాకు పసుపు రాసి, బొట్టుపెట్టి, చెప్పులు విడిచి దండం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. కిర్రుమని హెచ్చరిద్దామన్నా తడిచెక్క కిర్రుమనదు. గంప నెత్తిన పెట్టుకుని ఆవిడ నడిమికొచ్చింది. నానిన రొట్టెలా విరిగిపోయాను. ఆవిడ తుంటి ఎముక కూడా విరిగింది.

సంగతి తెలిసి పట్నంనుంచి పురావస్తుశాఖవాళ్లొచ్చారు. నా రెండు ముక్కలనూ తడిగోనెల్లో చుట్టి తీసుకెళ్లి, ఆరితే ముడుచుకుపోతానని మ్యూజియంలో నీళ్లతొట్టిలో పడుకోబెట్టారు. చూసినవాళ్లందరూ ఎంత గట్టి చెక్కో అంటారు. ముఖం ఎక్కడ దాచుకోను?

మొన్న నాంచారమ్మ వచ్చింది, ఏడుకొండలు భుజం ఒక పక్క, చేతికర్ర ఒక పక్క.

“అంత దగ్గరికి వెళ్లకూడదమ్మా,” అన్నాడు కాపలా అతను.

“నేను దీన్ని తొక్కినప్పుడు లేవు గదయ్యా నువ్వు.”

ఇక నన్ను తిడుతుందని కాచుకున్నాను. తిడితే కొంత భారం దిగేది. ఆవిడ కష్టంమీద వంగి తొట్టిలోకి చూసింది.

“ఏవయ్యా, దీనికి నీళ్లు మారుత్తన్నారా?”

“మారుస్తున్నామమ్మా.”

“ఆఁ, అయితే సరే.”

కర్ర ఊతంతో మెల్లగా వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఆవిణ్ని మోస్తున్నది మరో చెక్క.