ఇట్టాంటిది ఇంకోటి చూపించు

ఆ కబురు వచ్చేసరికి చెన్నకేశవులు గోతి అడుగున రాయి విడగొడుతున్నాడు. గట్టు మీద నుంచి ట్రాక్టరు నూర్ మొహమ్మద్ కేకేశాడు.

"మామా! మహాలక్ష్మమ్మ టీకొట్టు కాడ నాగేంద్రసామి వెలిశాడంట. జనం ఇసకేస్తే రాలటంలా."

"ఎట్టా వెలిశాడు?"

"నా ట్రాక్టర్లోంచే." నవ్వాలో భయపడాలో తెలియక నూర్ మొహమ్మద్ తల గోక్కున్నాడు. "గొడ్లసావిడికని తీసిపారేసిన బండలు తోలతన్నా గదా. మలుపులో గుంటలో పడ్డాం. ఒక బండ జారింది. జారింది జారినట్టు పడుకోకుండా కొట్టు పక్కన బురదలో నిలువునా దిగబడి నిలబడింది. దాని మీద పాము, ఏడు పడగలు. నన్ను మాత్రం ఇందులోకి లాగమాక మామా, నీకు దణ్ణం పెడతా."

చెన్నకేశవులు సుత్తి పక్కన పెట్టాడు. అతనికి అరవై ఎనిమిదేళ్ళు. పన్నెండో ఏట నుంచి ఈ మాచర్ల గనుల్లో నాపరాయి పొరలు విడగొట్టడమే పని. మాటలు తక్కువ. దేవుడి సంగతి వస్తే ఇంకా తక్కువ. పదకొండేళ్ళ కిందట ఇదే గనిలో కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కోసి కొత్త గోతి మొదలుపెట్టిన రోజునే గట్టు విరిగి మహాలక్ష్మమ్మ భర్త కాళ్ళ మీద పడింది. బండ కింద నుంచి అతన్ని లాగింది చెన్నకేశవులే. లాగుతుంటే కొబ్బరిచిప్పలు కాళ్ళకు తగిలాయి. ఆనాటి నుంచి అతను ఏ గుడిలోనూ అడుగు పెట్టలేదు. ఎందుకయ్యా అని ఎవరన్నా అడిగితే, "ఉన్నాడన్నోడు చూపించాల. నన్నడుగుతావేంది?" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు.

మహాలక్ష్మమ్మ కొట్టు అప్పుడు వేసిందే. వెల్దుర్తి రోడ్డు నుంచి గనుల వైపు తిరిగే మలుపులో చెన్నకేశవులే నాలుగు రాతి స్తంభాలు పాతి పైన రేకు కప్పాడు. రోడ్డు స్థలం. చూపించుకోవడానికి కాగితం ముక్క లేదు. మంచం మీద ఉన్న మనిషి మందూ, ఇద్దరి తిండీ ఆ టీ గ్లాసుల్లోంచే రావాలి.

అతను నూర్ మొహమ్మద్ ట్రాక్టర్లో వెళ్ళేసరికి మలుపు నిండా బండ్లు, ఆటోలు. బురదలో దిగబడ్డ రాయికి అప్పటికే పసుపు పూశారు, కోడిగుడ్లు పెట్టారు. కాస్త వంకరగా, ఎడమవైపుకి వాలి, నల్లటి పాము. పైన విచ్చుకున్న పడగలు. ఎవరో ఏడు లెక్కపెట్టారు కాబట్టి అందరికీ ఏడే కనిపిస్తున్నాయి.

చెన్నకేశవులు పడగలు చూడలేదు. రాయి పై మూల చూశాడు. అక్కడ బెత్తెడు మేర విరిగి ఉంది. విరగ్గొట్టింది తన సుత్తే.

రెండు నెలల కిందటి పని అది. బండ కొట్టబోతే దెబ్బ జారి మూల ఎగిరిపోయింది. తర్వాత ఉలి దింపి పొర విడదీస్తే లోపల ఈ మరక, నల్ల చెట్టులాగా, బయటపడింది. పొరల మధ్య సందులోకి నీళ్ళు దిగుతాయి. నీళ్ళతో వచ్చిన నల్లమట్టి వేర్లలాగా, కొమ్మల్లాగా పాకి రాయికి పట్టుకుంటుంది. ఏడాదికి పదిసార్లన్నా చూస్తాడు. మరక పడ్డ రాయిని పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు తీసుకోరు. అందుకే ఒక సగాన్ని రాళ్ళ వామి వెనక పడేశాడు. రెండో సగం? అది గుర్తుకొచ్చి అతను కొట్టు వెనక్కి చూశాడు. చూసి ఊరుకున్నాడు.

మహాలక్ష్మమ్మ పొయ్యి ఆర్పేసి, కొంగు నిండా కప్పుకుని, రాయి ముందు చేతులు జోడించి నిలబడి ఉంది. కళ్ళ వెంట నీళ్ళు. చెన్నకేశవుల్ని చూడగానే దగ్గరికి వచ్చింది.

"సామి వచ్చాడు, సంతోషమే అన్నా. గుడి కడతారంట. కొట్టు తీసెయ్యమంటన్నారు. నేనేడకి పోవాల?"

"ఎవరు తియ్యమంది?"

చెప్పింది వీరాంజనేయులు. పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు. మాచర్లలో పెద్ద కొట్టు, ఊళ్ళో మంచి పేరు. చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే జనం అతని వెనక అంత తేలిగ్గా నిలబడేవాళ్ళు కాదు.

"నాలుగు రోజుల్లో నాగులచవితి," అంటున్నాడు వీరాంజనేయులు, అందరికీ వినపడేట్టు. "చవితి నాటికి ఇక్కడ సామికి నీడ పడాల. సిమెంటు నాది. రాయి నాది. ఎంగిలి గ్లాసుల పక్కన సామిని ఉంచుతామా? అమ్మా, మహాలక్ష్మమ్మా, నువ్వు ఇంకో చోట చూసుకో. సామి కోరుకున్న జాగా ఇది."

"కోరుకున్నాడని మీకెవరు చెప్పారు వీరాంజనేయులు గారూ?" అన్నాడు చెన్నకేశవులు.

జనం వెనక్కి తిరిగారు. ఎవరో "అదిగో, వచ్చాడు," అన్నారు.

"ఎవరు చెప్పాలయ్యా? కళ్ళెదట కనపడతంటే!"

"నాకు మరక కనపడతంది. ఆ రాయి విడగొట్టింది నేను."

"నువ్వు విడగొడితే? తల్లి కడుపులోంచి బిడ్డను తీసిన మంత్రసాని, బిడ్డను నేనే చేశానంటుందా?"

అందరూ గొల్లుమన్నారు. చెన్నకేశవులు నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

"మీ ఫ్యాక్టరీలో నా సుత్తి ఉందని నేనొచ్చి గొడవ చేస్తే, ఉందని నేను చూపించాలా, లేదని మీరు చూపించాలా?"

"ఫ్యాక్టరీ యవ్వారం వేరు, సామి యవ్వారం వేరు. ఇన్ని వందల మంది దేవుడంటన్నారు. నువ్వొక్కడివి కాదంటన్నావు. కాదన్నోడివి నువ్వే చూపించు."

"ఏం చూపిస్తే ఒప్పుకుంటారు?"

వీరాంజనేయులు ఒక్క క్షణం ఆలోచించాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఇట్టాంటిది ఇంకోటి చూపించు! ఇదే పాము, ఇవే పడగలు. ఇంకో రాయి మీద ఇట్టాగే ఉందని చూపించావా, ఇది మామూలు రాయని నేనే ఒప్పుకుంటా. నా చేత్తో తీసి గొడ్లసావిట్లో పరుస్తా."

"మాట మీద ఉంటారా?"

"సామి సాక్షిగా ఉంటా."

చెన్నకేశవులు ట్రాక్టర్లో ఉన్న గడ్డపార కోసం చెయ్యి చాపాడు. "నూర్ మొహమ్మద్, రా, ఒక చెయ్యెయ్యి."

"లాగమాకన్నా గదా మామా," అంటూనే అతను వచ్చాడు.

కొట్టు వెనక గ్లాసులు కడిగే చోట నేల మీద ఒక బండ పరిచి ఉంది. అంతకుముందు అక్కడ బురదలో కూర్చుని కడిగేది మహాలక్ష్మమ్మ. రెండు నెలల కిందట, మరక పడి ఎందుకూ పనికిరాని బండ కదా అని, చెన్నకేశవులే తెచ్చి వేశాడు. నల్లమచ్చ కనపడితే టీ తాగేవాళ్ళకు రోతగా ఉంటుందని దాన్ని కిందికి తిప్పి, శుభ్రంగా ఉన్న వైపు పైకి పెట్టాడు.

గడ్డపార దింపి ఇద్దరూ బండను తిరగేశారు. అడుగున వానపాములు, టీపొడి, బురద. చెన్నకేశవులు బకెట్టెత్తి నీళ్ళు కుమ్మరించాడు. బురద జారిపోతూ ఉంటే ఒక్కొక్క పడగా పైకి తేలింది.

దాన్ని ఈడ్చుకుంటూ తెచ్చి మొదటి రాయి పక్కన నిలబెట్టాడు. అది ఎడమకు వాలితే ఇది కుడికి వాలింది. విరిగిన మూల పక్కన విరిగిన మూల సరిగ్గా కుదిరింది. పుస్తకం తెరిచి పెట్టినట్టుంది. కళ్ళున్న ఎవడికైనా తెలుస్తుంది, ఒకే రాయి, రెండు సగాలని.

"అడిగారు. చూపించా," అన్నాడు.

ఎక్కడో వెనక ఒకడు కిసుక్కున నవ్వాడు. వీరాంజనేయులు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపు, నిజంగానే కాసేపు, పని అయిపోయిందని చెన్నకేశవులు అనుకున్నాడు.

అప్పుడు మహాలక్ష్మమ్మ కెవ్వుమంది. బురదలో మోకాళ్ళ మీద కూలబడి రెండో రాయిని కావిలించుకుంది.

"నా తల్లే! ఎంత పాపం చేశానే! రోజూ నీ మీదే ఎంగిలి గ్లాసులు కడిగానే! పాలగిన్నెలు నీ మీదే తొలిచానే!"

"పాలు!" అన్నాడు వీరాంజనేయులు. మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. "విన్నారా? రెండు నెల్లుగా ఇక్కడ పాలు పడతానే ఉన్నయ్! ఆయన అక్కడ, అమ్మవారు ఇక్కడ. జోడీ కోసం వచ్చి నిలబడ్డాడు! జంట నాగులురా!"

జనం హోరెత్తిపోయారు. చేతులన్నీ నెత్తి మీదికి లేచాయి. ఇందాక నవ్వినవాడు అందరికంటే ముందు బురదలో పడి దణ్ణం పెట్టాడు.

చెన్నకేశవులు వీరాంజనేయులు ఎదటికి వచ్చాడు.

"ఇంకోటి చూపిస్తే మామూలు రాయని ఒప్పుకుంటానన్నావు," అన్నాడు. గారూ పోయింది, మీరూ పోయింది. "ఒరేయ్, సామి సాక్షిగా అన్నావు!"

"ఇంకోటి అన్నాను, జోడు అనలేదే! జోడు వేరు."

"ఒకటైతే ఒక్కటే ఉందని దేవుడు. రెండైతే జంటని దేవుడు. మరి ఏం చూపిస్తే కాదురా? ఏదన్నా ఉందా అసలు? నన్ను చూపించమన్నప్పుడు నీ మనసులో ఏదన్నా ఉందా?"

"అరవమాక చెన్నకేశవులూ. నీ చేత్తోనే అమ్మవారిని బయటికి తీయించాడు. నీకింకా తెలియటంలా."

గడ్డపార చెన్నకేశవులు చేతిలోనే ఉంది. అది ఎప్పుడు పైకి లేచిందో అతనికే తెలియదు. రెండు దెబ్బలు చాలు. నాపరాయి ఎక్కడ కొడితే ఎట్లా విచ్చిపోతుందో అతని కంటే తెలిసినవాడు ఆ మలుపులో లేడు.

"కొట్టమాక అన్నా!" మహాలక్ష్మమ్మ రెండు చేతులూ చాపి అడ్డం వచ్చింది. నుదుటి నిండా బురద. "నీకు పుణ్యముంటది. కొట్టు పోతే పోయింది, సామిని కొట్టమాక."

గడ్డపార గాల్లో ఆగింది. అప్పుడే ఆటోలోంచి దిగిన ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చి, రాళ్ళ వంక కాదు, ముందు మహాలక్ష్మమ్మ వంక చూసింది. వంగి ఆమె కాళ్ళకు మొక్కింది. "రెండు నెల్లు పాలు పోసిన చేతులమ్మా," అంది. ఆ వెనక ఇంకొకామె వంగింది.

చెన్నకేశవులు అది చూశాడు. వీరాంజనేయులూ చూశాడు.

గడ్డపార కిందికి దిగింది. ఇప్పుడు తను ఏ మాట అనాలో చెన్నకేశవులుకు తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేది. పదకొండేళ్ళుగా నోట్లో పెట్టుకోని మాట. ఉమ్మేసినట్టు అన్నాడు.

"సరే. దేవుడే. మీరన్నట్టే కానీ." మహాలక్ష్మమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఈమెను లెమ్మన్నది ఎవరు? దేవుడా, నువ్వా?"

"అది... పెద్దలం అందరం అనుకుని..."

"పెద్దలు కాదు. సామి కోరుకున్న జాగా అన్నావు. రెండు నెల్లు ఆమె చేతి కిందనే ఉన్నాడు గదా? గ్లాసులు కడిగితే లేచిపోయాడా? కరిచాడా? ఈమె ఉండకూడదని సామి అన్నాడంటన్నావు నువ్వు. అన్నోడివి నువ్వే చూపించు. ఇప్పుడే. ఇక్కడే."

వీరాంజనేయులు జనం వంక చూశాడు. జనం అతని వంక చూడటం లేదు. కాళ్ళకు మొక్కిన ముసలామె నడుం మీద చేతులు పెట్టుకుని తిరిగింది.

"ఏందయ్యా, పాలు పోసిన ఆడమనిషిని పొమ్మంటావా? నాగదోషం తగిలి పోతావు!"

"అమ్మా, నేనెప్పుడు పొమ్మన్నాను?" అన్నాడు వీరాంజనేయులు. "కొట్టు ఉంటది. గుడి పక్కకి జరుపుతాం. అంతేగా?"

చవితి నాటికి మురుగుకాలవకి అవతల ఇటుకల గుడి లేచింది. రెండు సగాలూ పక్కపక్కన నిలబడ్డాయి. పొద్దున్నే మొదటి పాలు పోసేది మహాలక్ష్మమ్మే. కొట్టు ముందు ఇంకో బల్ల పడింది. గ్లాసులు కడగడానికి ప్లాస్టిక్ టబ్బు వచ్చింది.

చెన్నకేశవులు ఆ వైపు పోవడం మానేశాడు. కొట్టు దాటాల్సి వస్తే తల తిప్పి చూడకుండా నడిచేవాడు. ఒకరోజు మహాలక్ష్మమ్మే గ్లాసులో టీ పోసుకుని గని దాకా వచ్చింది.

"నీ వల్లే అన్నా. నువ్వు తియ్యకపోతే అమ్మవారు ఇంకా బురదలోనే ఉండేది."

"నీ కొట్టు కోసం తీశా."

"అదే గదా, సామి నీ చేత తీయించాడు."

అతను టీ తాగి గ్లాసు ఇచ్చాడు. ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది, ఎక్కడో ఒకచోట దించుకునేవాడు.

ఆ సాయంత్రం నూర్ మొహమ్మద్ ఫోను చూపించాడు. మలుపులో ఎవరో తీసిన వీడియో. అడిగింది లేదు, చూపించింది లేదు, గడ్డపార లేదు. చెన్నకేశవులు మొహం, ఒకే ఒక్క మాట: "సరే. దేవుడే." మళ్ళీ మొదటి నుంచి, "సరే. దేవుడే." కింద రాసి ఉంది, జన్మంతా నాస్తికుడు, జంట నాగులను చూసి మారిపోయాడని.

"మాచర్లంతా తిరుగుతంది మామా. గురజాలలో మా తమ్ముడికి కూడా వచ్చింది. సామి ఉన్నాడనడానికి నువ్వే రుజువంటన్నారు."

చెన్నకేశవులు ఫోను తిరిగి ఇచ్చాడు. గోతిలోకి దిగాడు. పొద్దున వదిలేసిన బండకు ఉలి దింపి నాలుగు దెబ్బలు వేశాడు. పొర విచ్చుకుంది. లోపల నల్ల చెట్టు. రెండు సగాల మీదా, ఎదురెదురుగా, చక్కగా కొమ్మలు విప్పుకుని.

పెద్ద సుత్తి ఎత్తాడు. మొదటి సగాన్ని కొట్టాడు. రెండో సగాన్ని కొట్టాడు. ముక్కల్ని మళ్ళీ కొట్టాడు. ఒక్క కొమ్మ కూడా మిగలకుండా, కంకర అయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు.

"మంచి రాయి గదా మామా," అన్నాడు గట్టు మీద నుంచి నూర్ మొహమ్మద్. "ఎవరి గొడ్లసావిడికన్నా పనికొచ్చేది. ఎందుకట్టా నాశనం చేస్తన్నావు?"

"ఇంకెవరి కొట్టు మీదా పడకుండా," అన్నాడు చెన్నకేశవులు, సుత్తి దించకుండానే.