పదకొండో వరుసలో ఎర్రచుక్క

భీమశంకరం కంటికి డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ తెలుగువాళ్ళలో పెద్ద పేరుండేది. ఆ పేరులో సగం ఆయన కష్టపడి తెచ్చుకున్నది, మిగతా సగం ఆయన చెప్పుకోగా వచ్చింది.

ఒకసారి తెలిసినవాళ్ళ పెళ్ళిలో, పెళ్ళికొడుకు తాళి ఎత్తి పట్టుకున్న క్షణంలో, ఆఖరి కుర్చీలో కూర్చున్న భీమశంకరం "ఆగండాగండి!" అని లేచాడట. పెళ్ళికొడుకు చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. డోలు ఆగిపోయింది. మండపం వెనకాల థర్మోకోల్‌తో అంటించిన పేర్లలో రెండో అక్షరం వెంట్రుకవాసి ఎడమకి ఒరిగి ఉందట. నిచ్చెన తెప్పించి, అక్షరాన్ని నిటారుగా నిలబెట్టించి, ఇప్పుడు కానివ్వండన్నాడు. ముహూర్తం దాటిపోయిందని పురోహితుడు గొణిగితే, "దాటలేదండీ, మీ గడియారం ముల్లు వంకర" అన్నాడట. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళెవరూ ఇది నిజమని చెప్పలేదు. అబద్ధమని చెప్పే ధైర్యమూ చేయలేదు. అబద్ధమంటే ఆయన హైవే కథ ఎత్తుకుంటాడు. గంటకి డెబ్బై మైళ్ళ వేగంతో పోతూ రోడ్డు మీది తెల్లగీతలో వంకర కనిపెట్టిన కథ అది. ఇర్వింగ్‌లో మొదలుపెడితే డల్లాస్ దాటినా అవదు.

అలాంటి కంటికి తగ్గ ఉద్యోగమే దొరికింది. ఆ ఊళ్ళోనే లాస్ కొలీనాస్‌లో ఆయన పనిచేసే కంపెనీ ఒక టూల్‌కిట్ తయారుచేసేది. అంటే, వేరేవాళ్ళు ప్రోగ్రాములు రాసుకోవడానికి కావలసిన బటన్లు, మెనూలు, టేబుళ్ళు ముందే చేసిపెట్టే సరంజామా అన్నమాట. అందులో టేబుల్‌ని తెర మీద గీసే కోడ్‌ని ఎవరు ముట్టుకున్నా, ఆఖరున భీమశంకరం చూసి సరేనంటేనే అది బయటికి వెళ్ళాలి. పదేళ్ళుగా అదే ఆనవాయితీ.

2008 అక్టోబరులో ఆ ఆనవాయితీకి గండం వచ్చిపడింది. జెర్సీ సిటీలో కూర్చునే మేనేజరు రవికుమార్ ఒక పోలిక ప్రోగ్రాము రాయించాడు. అది టేబుల్‌ని ఫొటో తీసి, అసలు ఉండవలసిన బొమ్మతో చుక్కచుక్కా పోల్చి, తేడా ఎంతో అంకెలో చెప్పేస్తుంది. దానికి కాఫీ అక్కర్లేదు. అది పెళ్ళిళ్ళు ఆపదు.

"ఈ రిలీజ్ వరకూ చూద్దాం భీమశంకరం గారూ," అన్నాడు రవికుమార్ ఫోన్లో. "శుక్రవారం సాయంత్రం అయిదింటికి రిలీజ్. ఈలోగా ప్రోగ్రాము మిస్ అయింది ఒక్కటి మీరు పట్టుకోండి, ఫైనల్ అప్రూవల్ మీ దగ్గరే ఉంటుంది. లేకపోతే మిమ్మల్ని మాన్యువల్స్ రాసే టీమ్‌కి మూవ్ చేస్తాను. ఏమీ అనుకోకండి."

భీమశంకరం ఏమీ అనుకోలేదు గానీ ఆ పూట అన్నం సయించలేదు. ఎందుకంటే ఎవరికీ చెప్పని రహస్యం ఒకటి ఆయన దగ్గరుంది. రెండు నెలలుగా చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. అది పసిగట్టింది ఇల్లాలు నాగమల్లేశ్వరి ఒక్కతే. కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసుకుని, "ఇవాళ డికాషన్ కుదరలేదే" అన్న మొగుణ్ణి ఆవిడ బుధవారం సెలవు పెట్టించి మరీ కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పైభాగం దూరానికీ, కిందిభాగం దగ్గరికీ పనికొచ్చే కొత్త కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని మెట్లు దిగుతుంటే, ఆయన కంటే మెట్లే ముందు దిగిపోతున్నట్టుండేది. ఎక్కడం కాస్త నయం.

గురువారం పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ఆయన మానిటర్ నల్లటి అంచు మీద, పైన, ఎర్రటి కుంకుమ బొట్టు. ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ చేశారు. చేయించింది నమ్రత. ఆ పిల్లది వరంగల్. చదువు ముగించుకుని కంపెనీలో చేరి ఏడాదయింది. అగరొత్తి వెలిగిస్తే, నిప్పంటుకుందనుకుని పైకప్పు గొట్టాలు వాన కురిపిస్తాయని వెలిగించలేదట. కొబ్బరికాయ పార్కింగ్ లాట్‌లో కొట్టారట. కుంకుమ కలపడానికి నూనె దొరక్కపోతే, హ్యాండ్ లోషన్‌తో కలిపి కంప్యూటర్లన్నిటికీ, ప్రింటర్‌కీ, కాఫీ మెషీన్‌కీ కూడా బొట్లు పెట్టిందట.

భీమశంకరం బొట్టుకి దణ్ణం పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే తలెత్తి చూశాడు. బొట్టు సరిగ్గా మధ్యలో లేదు. పావు అంగుళం ఎడమకుంది. చూపుడువేలితో మెల్లగా కుడికి జరిపాడు. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు కుదిరింది.

"కంట్లో పస ఇంకా ఉందిరా శంకరం" అని తనకి తనే చెప్పుకుని, పనిలో పడ్డాడు.

ఆ రోజు ఆయన చూడవలసింది నమ్రత రాసిన ఫిక్సే. రిలీజ్‌లోకి వెళ్ళబోతున్న ఆమె మొదటి పని అది. పరీక్ష కోసం పెట్టుకున్న టేబుల్ నిండా విమానాల రాకపోకలుంటాయి, వెయ్యి వరుసలు. ఆలస్యమైన విమానం గడి ఎర్రగా ఉంటుంది. టేబుల్‌ని ఒక వరుస జరిపితే, మొత్తం మళ్ళీ గీయరు. ఉన్న బొమ్మనే అలా జరిపి, కొత్తగా బయటపడ్డ మేర మాత్రం గీస్తారు. గోడంతా సున్నం కొట్టకుండా, పెచ్చులూడిన చోట మాత్రం పూసినట్టు. ఆ పూతలో ఎక్కడో లోపం ఉండి, ఆలస్యపు విమానం వెళ్ళిపోయినా దాని ఎరుపు పక్క విమానానికి అంటుకుపోతోంది. నమ్రత దాన్ని బాగుచేసింది.

భీమశంకరం కోడ్ చదివాడు. ముప్ఫై రెండు లైన్లు, పేరు పెట్టడానికి లేదు. కింది బాణం నొక్కి టేబుల్‌ని వరుస వెంట వరుసగా అడుగుదాకా దింపాడు. హోమ్ మీట నొక్కి ఒక్క దూకులో పైకి తెచ్చాడు. ఎరుపు ఎక్కడా అంటుకోలేదు. బాగుంది అనుకోబోతూ ఆగాడు.

పదకొండో వరుసలో, గేటు నంబరు పక్కన, కింది గీత మీద, ఎర్రచుక్క.

మళ్ళీ దింపాడు. విమానాలు వెళ్ళిపోయాయి, చుక్క వెళ్ళలేదు. మళ్ళీ హోమ్ నొక్కి పైకి తెచ్చాడు. విమానాలొచ్చాయి, చుక్క ఉన్నచోటే ఉంది. భీమశంకరానికి కుర్చీలోంచి లేచి గంతెయ్యాలనిపించింది. "దొరికావే!" అని, రివ్యూలో ఫిక్స్‌ని తిరస్కరిస్తూ, పదకొండో వరుసలో పాత ఎరుపు మిగిలిందని రాసిపడేశాడు.

నమ్రత సీటు పది అడుగుల దూరం. దగ్గితే వినిపిస్తుంది. అయినా ఆఫీసు పద్ధతి ప్రకారం ఇద్దరూ ఈమెయిళ్ళలోనే యుద్ధం చేశారు. నా మెషీన్‌లో ఏ చుక్కా లేదు అని ఆమె. నా దాంట్లో ఉంది అని ఈయన. పోలిక ప్రోగ్రాము తేడా సున్నా అంటోంది అని ఆమె. దానికి కళ్ళు లేవు అని ఈయన. మధ్యాహ్నానికి ఈమెయిళ్ళు పందొమ్మిదయ్యాయి. రెండింటికి రవికుమార్ ఫోన్ కలిపాడు.

"మీ స్క్రీన్ షేర్ చేయండి భీమశంకరం గారూ. ఆఁ, వచ్చింది. ఎక్కడ?"

"పదకొండో వరుస. గేటు నంబరు పక్కన. గురివిందగింజంత ఎర్రగా వెలుగుతోంది కదయ్యా!"

"నాకేం కనిపించట్లేదండీ."

"దగ్గరికి వచ్చి చూడు."

"జెర్సీ సిటీ నుంచా?" రవికుమార్ నవ్వి, కాస్త గొంతు తగ్గించాడు. "సార్, నిన్న కళ్ళ డాక్టరుకని లీవ్ పెట్టారు కదా, కొత్త గ్లాసెస్ అనుకుంటా... అలవాటవడానికి వారం పడుతుంది. మా నాన్నగారికీ అంతే అయింది. రేపు నూన్ వరకూ చూడండి. అప్పటికీ ఎవరికీ కనపడకపోతే నేను అప్రూవ్ చేసేస్తాను."

ఆ మర్యాద భీమశంకరానికి తిట్టు కంటే గట్టిగా తగిలింది. ఇంటికెళ్ళాక నాగమల్లేశ్వరి అడిగింది: "కళ్ళజోడు ఎలా ఉందండీ?"

"చుక్కలు కనిపిస్తున్నాయి" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే నమ్రత ఆ పది అడుగులూ నడిచి వచ్చింది, చేతిలో పులిహోర డబ్బాతో.

"మీతోని కొట్లాడనీకి రాలే సర్. ఏడుందో చూపెట్టండి, నేను కూడ చూస్త."

"నీకూ కనపడదులేమ్మా. ముసలివాడి కళ్ళు కదా."

"అబ్బ, చూపెట్టండి సర్!"

చూపించాడు. నమ్రత వంగింది. కళ్ళు చిట్లించింది. ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో, ఉన్నది సర్! నిజంగనే ఉన్నది!"

భీమశంకరం ఛాతీ రెండంగుళాలు పెరిగి చొక్కా బొత్తాం బిగుసుకుంది. "చూశావా? పొరపాటు ఎవరికైనా వస్తుందమ్మా. నేను హైవే మీద పోతూ ఒకసారి..."

"ఈ చుక్క కదా సర్?" అంటూ నమ్రత గోరు ఆనించింది.

చుక్కలో సగం గోరుకి వచ్చేసింది.

ఇద్దరూ గోరుకేసి చూశారు. తర్వాత తెరకేసి చూశారు. తర్వాత, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, మెల్లగా తలలెత్తి పైనున్న బొట్టుకేసి చూశారు.

"నేనైతే ఎడమ దిక్కు పెట్టిన," అంది నమ్రత. "ఇది నడుమకు ఎట్లొచ్చింది?"

భీమశంకరం తన చూపుడువేలికేసి చూసుకున్నాడు. గోరు అంచున ఇంకా కొంచెం ఎరుపుంది.

నమ్రత పులిహోర డబ్బా బల్లమీద పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక పక్క కుర్చీలో కూలబడి నవ్వింది. ఆయనకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. రిలీజ్‌కి ఏడు గంటలుంది. కుంకుమని బగ్ అన్న మనిషి చెయ్యగలిగింది ఒక్కటే. తిరస్కారాన్ని వెనక్కి తీసుకుని, మాన్యువల్స్ టీమ్ ఏ అంతస్తులో కూర్చుంటుందో కనుక్కోవడం.

"సారీ సర్, నవ్వొద్దు కానీ..."

"నవ్వుకోమ్మా. నేనైనా నవ్వేవాణ్ణే."

క్షమాపణ ఎలా రాయాలో ఆలోచిస్తూ, ఊరికే మౌస్ చక్రాన్ని ఒక మెట్టు కిందికి, ఒక మెట్టు పైకి తిప్పుతున్నాడు. ఒకటి కిందికి, ఒకటి పైకి. కళ్ళు ఆ మిగిలిన సగం చుక్క మీదే ఉన్నాయి. దిక్కుమాలిన చుక్క, గీతని ముట్టుకుని ఎంత బుద్ధిగా కూర్చుంది!

చెయ్యి ఆగింది.

గీత చుక్కని ముట్టుకోవడం లేదు.

కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. తన కంటిని ఇప్పుడు తనే నమ్మలేదు. "అమ్మా నమ్రతా, నీ కుర్రకళ్ళతో చెప్పు. పదకొండో వరుస గీత చుక్కకి తగులుతోందా?"

ఆమె నవ్వు తుడుచుకుని వంగింది. "తగుల్తలేదు సర్. జర్ర కిందికున్నది."

"ఇందాక తగిలింది కదూ?"

"నేను గోరు పెట్టినప్పుడు గీత మీదనే ఉండె."

"చుక్క జరిగిందంటావా?"

"చుక్క ఎట్ల జరుగుతది సర్, అది లోషన్!"

"అయితే గీత జరిగింది."

హోమ్ నొక్కాడు. గీత ఎగిరొచ్చి చుక్కకి అంటుకుంది. చక్రం ఒకటి కిందికి, ఒకటి పైకి. వెంట్రుకవాసి సందు. ఇంకోసారి. రెండు వెంట్రుకలు. నమ్రత లెక్కపెడుతుంటే ఆయన ఇరవైసార్లు దించి ఎక్కించాడు. ఇరవయ్యోసారికి పదకొండో వరుస చుక్కని వదిలేసి చక్కగా కిందికి దిగిపోయింది. మొదటి వరుసకీ రెండో వరుసకీ మధ్య, ఇంకో విమానం వచ్చి దిగేంత ఖాళీ ఏర్పడింది.

నమ్రత నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "వామ్మో! జరిపే కొలతకు దిగేటప్పుడు గీత మందం ఒక్కసారి కలిపిన. ఎక్కేటప్పుడు రెండుసార్లు కలిపినట్టున్న సర్!"

"దిగడమే చూశాం అందరం. పైకి దూకించాం గానీ మెట్టు మెట్టూ ఎక్కించి ఎవరం చూశాం? నేనూ చూడలేదు. మరి ఆ ప్రోగ్రాముకేమైంది?"

నడిపి చూశారు. తెర మీద అంత సందు పెట్టుకుని కూడా అది తేడా సున్నా అంది. కారణం నమ్రతే కనిపెట్టింది. ఫొటో తీసే ముందు ప్రోగ్రాము టేబుల్‌ని మొత్తం కొత్తగా గీసుకోమని అడుగుతుంది. ఫొటో అనగానే తల దువ్వుకుని చొక్కా సర్దుకునే మనిషి ఎప్పుడూ నీటుగానే పడతాడు కదా, అలా ఉంది వ్యవహారం.

పదకొండున్నరకి రవికుమార్ ఫోన్లో ఉన్నాడు. ఈసారి షేర్ చేసిన తెర మీద ఆ ఖాళీ జెర్సీ సిటీకి కూడా కనిపించింది.

"మై గాడ్," అన్నాడు. "ఇది వెళ్ళిపోయి ఉంటే కస్టమర్లు మనల్ని ఫోన్లో బతకనిచ్చేవాళ్ళు కాదు. ఎలా పట్టుకున్నారండీ? నిన్న చెప్పిన రెడ్ డాట్ ఇదేనా?"

భీమశంకరం నాలుక చివర బ్రహ్మాండమైన కథ తయారుగా ఉంది. గీత కదలిక కొలవడానికి తానే, పన్నెండో ఏటినుంచి తెలిసిన ఒక పద్ధతి ప్రకారం, కావాలని గుర్తు పెట్టుకున్నానని. దానికి రెండు కొమ్మలు, నాలుగు ఆకులు కూడా అప్పుడే మొలిచాయి. నమ్రత కనుబొమలెగరేసి ఆయననే చూస్తోంది.

మింగేశాడు.

"కాదయ్యా. అది కుంకుమ. బొట్టు మధ్యలో లేదని నేనే జరిపాను, గింజ రాలి తెర మీద పడింది. దాన్ని బగ్ అన్నాను. అది నా తప్పు. ఆ చుక్క దగ్గర గీత నిలవడం లేదన్నది మాత్రం నిజం. అదీ నేను చూశాను."

అవతల ఏదో కింద పడ్డ శబ్దం. రవికుమార్ నవ్వుతూ కుర్చీ వెనక్కి తోసినట్టున్నాడు.

"కుంకుమా! సార్, ఫైనల్ అప్రూవల్ మీ దగ్గరే. ప్రోగ్రాముతో నేను మాట్లాడతాను. కానీ ఒకటి. ఇరవైసార్లు దించి ఎక్కించే ఈ టెస్ట్ అందరికీ కావాలి. మాన్యువల్‌లో మీరే రాసిపెట్టాలి."

మాన్యువల్ తప్పించుకున్నాననుకున్న మనిషికి ఆ ఒక్క పేజీ తప్పలేదు. తెర మీద ఎర్రచుక్క అంటించవలెను అని మొదలుపెట్టి, చుక్క గీతకి తగులుతూ ఉండవలెను అని రాశాడు. దేనితో అంటించాలో రాయలేదు.

ఒంటిగంటకి నమ్రత ఒక్క లైను మార్చి పంపింది. పులిహోర తింటూ ఇద్దరూ ఇరవైసార్లు కాదు, రెండొందలసార్లు దించి ఎక్కించారు. గీత చుక్కని పట్టుకుని వేలాడిందే గానీ వదల్లేదు. భీమశంకరం కళ్ళజోడు సవరించుకుని, సరే అని రాసి, మీట నొక్కాడు. అయిదింటికి రిలీజ్ వెళ్ళిపోయింది.

"చుక్క తుడిచేయమంటారా సర్?" అంది నమ్రత, బ్యాగు భుజానికి వేసుకుంటూ.

"ఉండనీ. అన్నం పెట్టిన చుక్క." తృప్తిగా వెనక్కి వాలి మానిటర్‌కేసి చూశాడు. చూస్తూ చూస్తూ కొంచెం ముందుకి వంగాడు. చూపుడువేలు లేచింది. "ఈ పైబొట్టు చూడు, ఇప్పుడు కొంచెం కుడికి..."

"చేతులు ఒళ్ళ పెట్టుకోండి అంకుల్!" అని అరిచింది నమ్రత.