నైరుతి వాటం

నీళ్లు ఎటు పోవాలో చెప్పడమే ఇశ్రాయేలు ఉద్యోగం. కాలవల శాఖలో ఓవర్సీరు. గన్నవరం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఏ పిల్లకాలవ గట్టు మీద నిలబడినా, ఇక్కడ వాటం చాల్లేదు, ఈ తూము ఎత్తుగా కట్టారు, పడగొట్టి మళ్లీ కట్టండి అని చెప్పి సైకిలెక్కి వచ్చేసే మనిషి. ఆయన పేరు వింటే కాంట్రాక్టర్లకి అన్నం సహించదని చెప్పుకునేవారు. చెప్పుకునేవారిలో ఆయన కూడా ఒకడు. అలాంటి మహానుభావుడు సొంతానికి కట్టుకున్న ఇంట్లో తొలి వానకే వంటగదిలో చీలమండ లోతున నీళ్లు నిలిచాయి.

ఇల్లు పటమట దాటాక, మొన్నమొన్నటిదాకా వరి పండిన నేలలో ఉంది. ఆ ఇంటి కోసం ఇశ్రాయేలు కంటే ఎక్కువ ఎదురుచూసింది ఆయన భార్య సంపూర్ణమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ కాపురం గవర్నరుపేటలో ఒక అద్దె వాటాలో. అక్కడి ఇంటావిడ పెరట్లో చుక్క నీరు పారబోయనిచ్చేది కాదు. అంట్లు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అన్నీ బకెట్లో పట్టి వీధి చివరి కాలవదాకా మోసుకెళ్లాల్సిందే. వానలోనూ అంతే, జ్వరంలోనూ అంతే. అందుకే సొంతిల్లు అనగానే సంపూర్ణమ్మ మేడ అడగలేదు, మొజాయిక్ అడగలేదు.

"నా వంటింట్లో చెంబుడు నీళ్లు పోస్తే వాటంతటవి బయటికి పోవాలండీ. నాకింకేం వద్దు" అంది.

"ఓవర్సీరు పెళ్లాం అడగాల్సిన కోరికేనా అది! అడిగితే ఏదైనా పెద్దది అడుగు" అని నవ్వాడు ఇశ్రాయేలు. ఆ నవ్వు తర్వాత చాలాకాలం ఆయన చెవుల్లోనే ఉండిపోయింది.

అసలు తప్పు ఇంటి దగ్గర జరగలేదు, చర్చిలో జరిగింది. ఇశ్రాయేలు సంఘ పెద్ద. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మూఢనమ్మకాల మీద ఎత్తుకున్నాడు. వాస్తు దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే లేచింది. "దిక్కులన్నీ దేవుడివే! నేను ఇల్లు మొదలుపెడుతున్నాను. ఈశాన్యం మెరక చేస్తాను, నైరుతికి వాటం ఇస్తాను, వంటగది కూడా నైరుతిలోనే కడతాను. ఏమవుతుందో అందరూ చూద్దురుగాని!" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. మామూలుగా ఆడిన మాటనైతే మెల్లగా మార్చుకోవచ్చు, అంతమంది ఆమెన్ అన్నాక మార్చుకోవడం కష్టం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి లెవెల్ యంత్రం తెచ్చి స్థలంలో మూడు కాళ్ల మీద నిలబెట్టాడు. అంకెలు వేసిన పొడుగాటి కర్ర సంపూర్ణమ్మ చేతికిచ్చి ఒక్కో మూలా నిలబడమన్నాడు. ఆవిడ కొంగు దోపుకుని, కర్ర నిటారుగా పట్టుకుని నిలబడింది. ఇశ్రాయేలు అద్దంలోంచి చూశాడు. ఈశాన్యమే పల్లం. అద్దం తుడిచి మళ్లీ చూశాడు. ఈశాన్యమే. వీధి కాలవ కూడా ఆ మూలనే పోతోంది. పక్కనున్న పశువుల్ని అడిగినా నీళ్లు అటే పోతాయని చెప్పేవి.

"ఎటుందండీ పల్లం?" అని సంపూర్ణమ్మ అక్కణ్ణుంచే కేకేసింది.

ఆయన నోరు తెరిచేలోపల పక్క స్థలం యజమాని శ్రీరామచంద్రమూర్తి గారు, హైస్కూల్లో సోషల్ మాష్టారు, వాస్తులో స్వయంకృషి మీద పైకొచ్చిన మనిషి, కంచె దగ్గరికి వచ్చి చెయ్యి ఊపారు. "ఇశ్రాయేలు గారూ! ఈశాన్యం పల్లం ఉండాలండోయ్! మీకు దైవికంగానే కుదిరింది. అటు వాటం ఇవ్వండి, ఇంక చూసుకోనక్కర్లేదు!"

అంతే. ఇప్పుడు ఈశాన్యానికి వాటం ఇస్తే అది మూర్తిగారి వాస్తు అవుతుంది. ఇంటి ముందు నుంచి పోయే ప్రతివాడికీ ఆయన వేలు పెట్టి చూపిస్తారు. సంఘంలో ఏం చెప్పుకోవాలి? ఇశ్రాయేలు యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూత బిగించాడు.

"చూద్దాంలే" అన్నాడు భార్యతో.

మేస్త్రీ పుల్లయ్యకి కాదనడం అనే విద్య రాదు. ఈశాన్యం మెరక తోలమంటే, "తమరు చెప్పాక ఇంకేముందండీ" అని బళ్లకొద్దీ మట్టి పోయించాడు. నైరుతికి వాటం అంటే, "తమరు చెప్పాక" అని రసమట్టం పెట్టి మరీ ఇచ్చాడు. వాడిన నీళ్లకి నైరుతి మూల ఇంకుడు గొయ్యి తవ్వమంటే తవ్వాడు. అక్కడిది నల్లరేగడి. నీళ్లు పోస్తే తాగదు, ఎదురు తిరిగి చూస్తుంది. ఈ సంగతి ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఇశ్రాయేలే. రేగట్లో గొయ్యి తవ్వి నీళ్లింకమన్న కాంట్రాక్టరుని ఒకసారి అందరిముందూ ఏకిపారేసిన ఘనత కూడా ఆయనదే.

తొలి వాన పడింది. పెరట్లో నీళ్లు, గోతిలో నీళ్లు చేతులు కలుపుకుని వంటగదిలోకి వచ్చాయి. ఇశ్రాయేలు పుల్లయ్యని పిలిపించి పనితనం గురించి ఉపన్యాసం దంచాడు.

"తప్పు నాదేనండీ" అన్నాడు పుల్లయ్య వెంటనే.

"నీదెలా అవుతుందయ్యా?" అన్నాడు ఇశ్రాయేలు చిరాగ్గా. ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాడితో పోట్లాడితే కడుపు నిండదు.

"తమరు నాదన్నాక నాదేగదండీ."

ఆ తర్వాత ఇశ్రాయేలు చేసిన మరమ్మతులు చూస్తే ఆయన చేత చీవాట్లు తిన్న కాంట్రాక్టర్లంతా పండగ చేసుకునేవారు. నీళ్లు లోపలికి రాకుండా వంటగది గడప ఎత్తు చేయించాడు. అవి గోడ కిందనుంచి ఊరి వచ్చాయి, వచ్చినవి గడప దాటి పోలేకపోయాయి. గొయ్యి పెద్దది చేయించాడు. వచ్చే నీళ్లు ఎక్కువయ్యాయి. చేయవలసింది ఏమిటో ఆయనకి తెలుసు. దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ మిగిలినవన్నీ చేశాడు.

సంపూర్ణమ్మ ఒక్కసారి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడి చూసింది. కేకలు వేయలేదు. "గృహ ప్రతిష్ఠ ప్రార్థనకి వస్తానండీ, వండిపెడతాను. సామాను మాత్రం గవర్నరుపేట నుంచి కదిలించను. ఈ నేల ఆరిన రోజు చూద్దాం" అంది. ఇశ్రాయేలుకి ఆ నెమ్మదితనం చూసి భయం వేసింది. ఇల్లు కట్టి భార్య అడుగుపెట్టని మగాడిగా మిగిలిపోతానేమోనని మొదటిసారి నిజంగా దిగులు పుట్టింది.

ప్రార్థన రోజున వాన పొద్దున్నే మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పింది. అయినా సంఘం సంఘమంతా గొడుగులేసుకుని వచ్చింది. పాస్టరు సొలొమోను గారు ముందు గదిలో నిలబడి కళ్లు మూసుకుని దీర్ఘమైన ప్రార్థన ఎత్తుకున్నారు. ఇశ్రాయేలు కూడా కళ్లు మూసుకున్నాడు. ఏదో చల్లగా కాళ్లకి తగిలింది. ఒక కన్ను తెరిచాడు. వంటగది నిండి నీళ్లు మెల్లగా ముందు గదిలోకి వస్తున్నాయి. బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా మర్యాదగా కళ్లు మూసుకునే, ఒక్కొక్కరే కాళ్లు పైకి తీసుకుంటున్నారు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని ఇశ్రాయేలు అనుకున్నాడు.

"ఇప్పుడు గృహస్థులు సాక్ష్యం చెబుతారు" అన్నారు పాస్టరు గారు, తన పంట్లాం అంచు కొంచెం ఎత్తి పట్టుకుని.

ఇశ్రాయేలు లేచాడు. దిక్కుల గురించి మంచి సాక్ష్యం తయారుచేసుకుని ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే వంటగదిలోంచి సంపూర్ణమ్మ వచ్చింది. కొత్త వెంకటగిరి చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని, బకెట్టుతో నీళ్లు మోస్తూ, బెంచీల మధ్యనుంచి ఒదిగి నడిచి, వానలోకి దిగి, వీధి కాలవలో పోసి వచ్చింది. ఎవరివంకా చూడలేదు. గవర్నరుపేటలో ఎలా మోసేదో అలాగే. ఇక్కడ కసిరే ఇంటావిడ లేదు. ఆ లోటు కట్టుకున్న మొగుడు తీర్చాడు.

ఇశ్రాయేలుకి తయారుచేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంట్లో ఉన్న నీళ్లు చాలనట్టు.

"సాక్ష్యం బయట ఉందండీ" అని, మూల ఆనించి ఉన్న గునపం తీసుకుని వానలోకి నడిచాడు.

వంటగది గోడకి అడుగున కంత కొట్టాడు. అక్కణ్ణుంచి ఇంటి పక్కగా ఈశాన్యం మూలకేసి తవ్వడం మొదలుపెట్టాడు. తోలించిన మట్టి కాబట్టి మెత్తగానే తెగింది. ముందు పుల్లయ్య పార పట్టుకుని వచ్చాడు. తర్వాత సంఘంలోని మగవాళ్లు తెల్లబట్టలు ఎగగట్టి దిగారు. సగం మంది పొలాల్లో బోదెలు తీసిన చేతులే, ఒకరు చెప్పే పని లేదు. పాస్టరు గారు వసారాలో నిలబడి పాట అందుకున్నారు. చివరికి ప్రహరీ కింద రెండు ఇటుకలు పెళ్లగించేసరికి నీళ్లు ఒక్క క్షణం ఆలోచించి, వీధి కాలవలోకి జారాయి. సంఘం మళ్లీ ఆమెన్ అంది. మొదటిసారి కంటే గట్టిగానే అంది.

మూర్తిగారు గొడుగు పట్టుకుని రానే వచ్చారు. ఈశాన్యం మూల పారుతున్న నీళ్లు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశారా! నేను చెప్పలేదూ!"

ఇన్నాళ్లూ ఏ మాట వినకూడదని ఇశ్రాయేలు భార్య వంటగదిని ముంచాడో, ఆ మాట అదే. వింటే ప్రాణం పోతుందనుకున్నాడు. తీరా విన్నాక చూస్తే వాన తప్ప ఇంకేమీ మీద పడలేదు.

"చెప్పారండీ. నా యంత్రం కూడా అదే చెప్పింది. మీరు కూడా చెప్పారని దాని మాట వినలేదు" అన్నాడు. సంఘం అంతా విన్నది. పొగడ్తలో యంత్రానికి వాటా పోయిందని మూర్తిగారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ భోజనానికి మాత్రం ఉన్నారు.

అందరూ తిని వెళ్లాక ఇశ్రాయేలు బురద కాళ్లతో వంటగది గడప దగ్గర ఆగిపోయాడు. లోపల సంపూర్ణమ్మ నేల కడిగి, చెంబుడు నీళ్లు పోసి చూస్తోంది. నీళ్లు నాపరాళ్ల మీద కాస్త తటపటాయించి, మెల్లగా కంతకేసి పాకి, బయటికి పోయాయి. ఆవిడ ఇంకో చెంబు పోసింది. అదీ పోయింది. చిన్నపిల్లలా మరో చెంబు ముంచింది.

"తప్పు నాదే సంపూర్ణా" అన్నాడు. "పల్లం ఎటుందో ఆ సాయంత్రమే నాకు తెలుసు."

"నాకూ తెలుసండీ. కర్ర పట్టుకున్నది నేనేగా. మీరు అద్దంలోంచి చూసి, తలెత్తి వీధి కాలవకేసి చూశారు. మళ్లీ అద్దం తుడిచారు. మీ మొహంలోనే ఉంది."

ఇశ్రాయేలు తలెత్తి చూశాడు. "మరి చెప్పలేదేం?"

"మూర్తిగారు చెప్పబట్టే మెరక తోలించారు. నేను కూడా చెబితే కిటికీలు నేలకి పెట్టించేవారు" అంది. చెంబు ఆయన చేతికిచ్చింది. "కాళ్లు కడుక్కుని లోపలికి రండి. ఇక్కడే కడుక్కోండి, పర్లేదు, పోతాయి. రేపు సామాను బండి పిలవండి."

ఆయన గడప లోపల నిలబడి కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. ఇద్దరూ తలలు వంచి, అవి ఎటు పోతాయో చూస్తూ నిలబడ్డారు.