భద్రాచలం బస్సెక్కిన స్కోపు

రూప్‌సింగ్ మిషను నొక్కిన ప్రతిసారీ ముందు టప్‌మని చప్పుడు, వెనకాలే కాలిన వాసన. మరో మాస్‌ఫెట్ పోయేది.

భద్రాచలంలో అతను సొంతంగా రిపేరు దుకాణం తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అడవిలో తిరిగే గార్డుల వైర్‌లెస్ సెట్ల బ్యాటరీల్లో పాత సెల్లు తీసి కొత్తవి అతికించే పని దొరికింది. టంకం పెడితే ఆ వేడికి సెల్లు పాడవుతాయి. అందుకని కారు బ్యాటరీ కరెంటును రెప్పపాటు వదిలి, సెల్లు మీద పల్చటి రేకును అతికించే మిషను తనే తయారుచేసుకున్నాడు. అంత కరెంటును వదిలేదీ ఆపేదీ మాస్‌ఫెట్లే. మీటరు పెడితే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు చూపేది. ఇంకా పెద్దవి హైదరాబాదు నుంచి తెప్పించి వేశాడు. అవీ నిలవలేదు.

"ఖమ్మంల మీ సారును అడగరాదా?" అన్నది భార్య కమ్లి.

"ఏ మొగం పెట్టుకొని అడగాలె?"

ఖమ్మంలో వెంకటప్పయ్య దగ్గరే అతను పని నేర్చుకున్నాడు. విడిగా దుకాణం పెడతానన్న రోజు ఆయన మారుమాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని రూప్‌సింగ్ చాలాసార్లు అనుకున్నాడు.

కమ్లి సంచీ అందుకుంది. కూరగాయలకని పోయి, ఎస్టీడీ బూతు నుంచి ఖమ్మానికి ఫోన్ చేసి వచ్చింది.

ఆ ఆదివారం వెంకటప్పయ్య, కరెంటు కదలికను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపును దుప్పట్లో చుట్టుకొని బస్సు దిగి, దుకాణానికి వచ్చాడు.

"పట్టుకోవోయ్. దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నా, మోకాళ్లు పట్టేశాయి."

సంగతి ఈయనకెలా తెలిసిందా అనుకుంటూనే రూప్‌సింగ్ ఎదురెళ్లాడు. స్కోపు అందుకుని, ఆయనకు కుర్చీ వేశాడు.

మాస్‌ఫెట్ కాలిపోకుండా కరెంటు తగ్గించి, మిషను నొక్కి చూశారు. తెర మీద గీత ఒక్కసారిగా నిలువునా లేచి పడింది.

"చూశావా? మాస్‌ఫెట్ పోతున్నది కరెంటు వదిలినప్పుడు కాదు, ఆపినప్పుడు. ఇంత పొడుగు కేబుళ్లలో పరుగెత్తే కరెంటును ఠక్కున ఆపితే ఎటు పోతుంది? దీని నెత్తినే పడుతోంది."

"మీటరుల గిది కనబడలే సార్."

"దానికంత వేగం ఎక్కడిది? స్కోపు లేకపోతే నాకూ తెలిసేది కాదు."

ఇద్దరూ కలిసి కేబుళ్లు కురచ చేసి, పోయేదీ వచ్చేదీ పక్కపక్కనే కట్టారు. ఆగిన కరెంటు తిరిగేందుకు దారిగా లావుపాటి డయోడు వేశారు. గీత తగ్గింది గానీ ఇంకా వణుకుతోంది. అప్పుడు రూప్‌సింగ్‌కు తట్టింది. మాస్‌ఫెట్‌కు ఆజ్ఞ తెచ్చే సన్నవైరులోని కరెంటు తిరిగి పోవడానికి పెద్ద కరెంటు దారినే వాడుకుంటోంది.

"దీనికి వేరే వైరేసి సక్కగ మాస్‌ఫెట్ కాలు కాడికే తెస్త సార్."

"అదే మంచిది. కానివ్వు."

గీత సద్దుమణిగింది. అసలు బ్యాటరీ తగిలించి, రేకు పెట్టి నొక్కాడు. టిక్కుమన్నది, అంతే. పట్టకారుతో లాగితే రేకు చిరిగింది, అతుకు ఊడలేదు. చాలాసేపు అతికిస్తూనే ఉన్నాడు. మాస్‌ఫెట్లు గోరువెచ్చగా ఉన్నాయి.

కమ్లి జొన్నరొట్టెలు, కోడికూర వడ్డించింది. తింటూ తింటూ రూప్‌సింగ్ తల దించుకునే అడిగాడు.

"మీకు నా మీద కోపం లేదా సార్?"

"ఉండింది. చేతికందిన వాడు పోతే ఉండదా? అంతమాత్రాన నీ పని ఆగిపోవాలని ఎలా కోరుకుంటాను?"

రూప్‌సింగ్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత లేచి, ఆయన కాళ్లకు మొక్కాడు. వెంకటప్పయ్య ఎడమచేత్తో భుజం పట్టి లేపాడు.

"మొక్కేదేదో ఆ అమ్మాయికి మొక్కు. ఫోన్ చేసింది తనే."

రూప్‌సింగ్ కమ్లి వైపు తిరిగాడు. "నాకు చెప్పలేదేంది?"

"చెప్తే చెయ్యనిస్తుంటివా?" అని ఆమె సారు పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

"అవ్, చెయ్యనియ్యకపోదును," అన్నాడు రూప్‌సింగ్. "మంచి పని చేసినవ్ కమ్లీ."